ఏటా అధికమాసమే

పంచాంగంలో అధికమాసం రావాలంటే రెండున్నరేళ్లకు పైగా ఆగాలి. మన టెలికాం కంపెనీలకు అంత ఓపిక ఎక్కడిది? 28 రోజులకే నెల నిండించేసి, ఏడాదికి పదమూడు రీచార్జిలు రాబట్టే కిటుకు కనిపెట్టాయి. ఈ శాస్త్రంలో ఏ కంపెనీకీ మరో కంపెనీతో భేదాభిప్రాయం లేదు. చివరికి 2022 జనవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కలగజేసుకుని, 30 రోజుల ప్లాన్లు కూడా పెట్టి తీరాలంది. పెట్టారు. 28 రోజులవి తీసెయ్యమని ట్రాయ్ అనలేదు గనక తియ్యలేదు.

వినియోగదారుడు మహారాజు, నచ్చకపోతే కంపెనీ మారిపోతాడు, ఆ భయంతో కంపెనీలు ఒళ్లు దగ్గర పెట్టుకుంటాయి అని మార్కెట్ భక్తులు చెబుతుంటారు. నంబరు వదులుకోకుండా మారే హక్కు 2011 జనవరి 20 నుంచి దేశమంతటా ఉంది. 1900కి ఒక్క ఎస్సెమ్మెస్‌తో పని మొదలెట్టొచ్చు.

2024 జూన్ 27న జియో రేట్ల పెంపు ప్రకటించింది. భయపడాల్సిన ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా మర్నాడే తామూ పెంచుతున్నామన్నాయి. జులై 3న రెండు కంపెనీలు, 4న మూడోది కొత్త రేట్లు అమల్లోకి తెచ్చాయి. మహారాజు ఎయిర్‌టెల్‌లో 179 రూపాయల ప్లాను 199 అయిందని అలిగి వొడాఫోన్ ఐడియాకు తరలివెళ్తే, అక్కడా 179 కాస్తా 199 అయి కూర్చుంది. ఇందులో కుమ్మక్కు వెతకనక్కర్లేదు. గదిలో ఉన్నదే ముగ్గురైతే, ఒకరు గొంతు సవరించుకున్నా మిగతా ఇద్దరికీ వినబడుతుంది.

పోటీ ఒట్టి బూటకమనీ అనలేం. 2009లో టాటా డొకోమో సెకనుకు పైసా అనగానే, నిమిషం లెక్కన గుంజుతున్న పెద్దలంతా దిగొచ్చారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి కాల్స్ ఉచితమంది, డేటాను ఊరూరా పారించింది. జనం బాగుపడ్డారు, అందులో అబద్ధం లేదు. తరవాతే కథ. ఎయిర్‌సెల్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ దివాలా తీశాయి. టెలినార్, టాటా మొబైల్ ఎయిర్‌టెల్‌లో కలిశాయి. 2018లో వొడాఫోన్, ఐడియా ఒకదాన్నొకటి పట్టుకుని కూలబడ్డాయి. రేట్లు దించేవాళ్లు తగ్గాక, 2019 డిసెంబరు నుంచి ఎక్కించడంలో పోటీ మొదలైంది.

2024 జులైలో అలిగిన మహారాజుల్లో కొందరికి ప్రభుత్వ సంస్థ బీఎస్ఎన్ఎల్ గుర్తొచ్చింది. ఆ ఒక్క నెలలో దానికి సుమారు 29 లక్షల కనెక్షన్లు పెరిగాయి. జియో, ఎయిర్‌టెల్ 5జీ అమ్ముకుంటున్న ఆ రోజుల్లో బీఎస్ఎన్ఎల్‌కు దేశమంతటా 4జీ కూడా లేదు. అది 2025 సెప్టెంబరులో గానీ రాలేదు.

ఇక ప్రైవేటు ముగ్గురిలో మూడోవాడు పోతే మిగిలేది ఇద్దరేనని కేంద్రానికీ బెంగ పట్టుకుంది. 2025లో వొడాఫోన్ ఐడియా చెల్లించాల్సిన 36,950 కోట్ల బకాయిని వాటాలుగా మార్చుకుని, దాదాపు 49 శాతానికి యజమాని అయింది. స్వేచ్ఛా విపణిలో పోటీ ప్రస్తుతం సర్కారీ ఖర్చుతో ఊపిరి పీలుస్తోంది. మహారాజుగారు పన్ను రూపంలో ఒకసారి, రీచార్జి రూపంలో పదమూడుసార్లు కడుతున్నారు.