అమాల్ఫీ కంచు తలుపు ఆత్మకథ

62 మెట్లెక్కి రొప్పుచు నా ముంగిట నిలిచిన యాత్రికులలో పెక్కండ్రు మొట్టమొదట చేయు పని వెనుదిరిగి నిలుచుట. క్రింద రాతిపరపు చౌకము, దాని నడుమ పునీత అంద్రెయ పేరిటి నీటిబుగ్గ, చుట్టును బల్లలు వేసికొని కాఫీ త్రాగు జనము, ఆపైన కొండవాలున ఒకదాని భుజముమీద నొకటి ఎక్కినట్లున్న ఇండ్లు, వానికిని పైన నిమ్మతోటల పచ్చదనము, అంతకును పైన బూడిదవన్నె శిఖరములు, అన్నింటిమీద దక్షిణ ఇటలీ ఆకాశము. ఇంతటి సొగసు వెనుక నుండగా పాతబడిన కంచుతలుపును చూడ ఎవరికి మనసొప్పును? నాకు అందువలన నొవ్వు లేదు. అయితే ఆ సొగసు తనంత తాను పుట్టినది కాదనియు, దానిని నిలిపి యుంచిన చేతులు వేరుగ నున్నవనియు, తొమ్మిదివందల యేండ్లకు పైగా ఈ దేవాలయపు గడపను పట్టుకొనియున్న నేను చెప్పకున్న ఎవరు చెప్పుదురు? అందులకే ఈ కథ.

నేను పుట్టినది ఈ ఊరను గాదు, ఈ దేశమునను గాదు. 11వ శతాబ్దము నడుమ, 1066కు కొంచెము పూర్వము, తూర్పు రోము సామ్రాజ్యమునకు రాజధానియైన కాన్‌స్టాంటినోపులు నగరమున, సిరియా దేశీయుడగు సిమియోను అను శిల్పి నన్ను రూపొందించెను. కంచు పలకలను వరుసగా కూర్చి, వానిపై సిలువలను తీర్చి, నట్టనడుమ నాలుగు పలకలలో క్రీస్తును, మరియమ్మను, అంద్రెయను, పేతురును నిలిపెను. ఈ నలుగురి రూపములు ఉబ్బెత్తుగ పోతపోసినవి కావు. కంచులో వెండ్రుకవాసి గాడులు త్రవ్వి, ఆ గాడులలో వెండిని పొదిగి, అరచేతితో తడవిన గీత తగులనంత నునుపుగ సానపట్టినవి. బీదరు పనివారి బిద్రీ పాత్రను చేతబట్టి చూచిన తెలుగువారికి ఇట్టి పనిలోని ఓపికను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ వెండికి మునుపటి మెరుపు లేదు. కాని సాయంకాలపు ఏటవాలు వెలుతురు నామీద పడినప్పుడు ఎవరైన దగ్గరకు వచ్చి తల కొంచెము వంచి చూచినచో, అంతవరకు నల్లని రేకుగ తోచిన చోట ఒక వస్త్రపు మడత, ఒక వ్రేలి కొన మెల్లగ పైకి తేలును.

నన్ను చేయించినవాడు పంతలియోనె అను అమాల్ఫీ వర్తకుడు, మౌరో వంశజుడు. తన ఆత్మ విమోచనమునకై ఈ పని చేయించితినని నామీద వ్రాయించెను. ఒక వర్తకుడు సామ్రాజ్య రాజధానియందు ఇంతటి కానుకను చేయించి, ఓడకెక్కించి, స్వగ్రామమునకు పంపగలిగెనన్నచో ఆ స్వగ్రామమెట్టిదై యుండవలెను! 839లో లంబార్డుల పట్టు విడిపించుకొని స్వతంత్రించిన అమాల్ఫీ ఆనాడు వేనిసు, పీసా, జెనోవాలతో సరితూగు సముద్ర రాజ్యము. ఈ కొండల కలపను ఆఫ్రికా తీరమున నమ్మి బంగారము తెచ్చి, ఆ బంగారముతో కాన్‌స్టాంటినోపులున పట్టువస్త్రములు కొని ఇటలీకి చేర్చిన వర్తకులు వీరు. యెరూషలేమున యాత్రికులకు ఆసుపత్రి నెలకొల్పినవారును వీరే. పిమ్మట లోకప్రసిద్ధమైన పునీత యోహాను వీరుల సంఘము అందుండియే మొలకెత్తినది. వీరు వ్రాసికొన్న సముద్రధర్మ శాసనము మధ్యధరా సముద్రముపై చిరకాలము ప్రమాణముగ నిలిచినది. దిక్సూచిని కనిపెట్టినది ఫ్లావియో జోయా అను ఈ ఊరివాడేయని తీరమున ఒక విగ్రహము నిలిపిరి గాని, అట్టి మనిషి నిజముగ నుండెనాయని పండితులు సందేహింతురు. దిక్సూచిని నమ్మి నడిసముద్రమున ఓడ నడపిన అమాల్ఫీ నావికులను గూర్చి మాత్రము ఎవరికిని సందేహము లేదు. నాకు అది చాలును.

నన్ను చూచి మురిసిన మోంతె కస్సీనో మఠాధిపతి దెసిదేరియసు తన మఠమునకును ఇట్టి తలుపే కావలెనని కాన్‌స్టాంటినోపులునకు కబురంపెను. అట్లు నాకొక చెల్లెలు పుట్టినది. రోమునగరపు ప్రాకారముల వెలుపలి పునీత పౌలు దేవాలయమునకు 1070లో మరియొకతె, పొరుగుననున్న అత్రానీకి 1087లో వేరొకతె వచ్చిరి. కొండపైనున్న రావెల్లో ఊరి దేవాలయపు తలుపు నాకు మనుమరాలి వరుస. 1179లో బరిసానో అను త్రాని పట్టణపు శిల్పి ఇటలీలోనే దానిని పోతపోసెను. రోములోని చెల్లెలు 1823 నాటి అగ్నిలో కమిలిపోయినది. మోంతె కస్సీనో మఠము 1944 ఫిబ్రవరిలో బాంబుల వర్షమునకు నేలమట్టమయినది. తోబుట్టువులకు ఇట్టి గతి పట్టగా, పెద్దదానను నేనిట్లు నిలిచియుండుటకు నా బలము కారణమని నేనెన్నడును అనుకొనలేదు.

నా కన్నుల యెదుటనే ఈ రాజ్యము కూలినది. 1073లో నార్మనులు వచ్చిరి. 1135లోను, మరల 1137లోను పీసావారు వచ్చి కొల్లగొట్టిరి. మనుష్యులు చేసిన చేటు అట్లుండ, సముద్రము చేసినది వేరు. 1343 నవంబరు 25వ తేదీనాటి తుపానునందు అమాల్ఫీ దిగువ భాగము, రేవును, గిడ్డంగులును, ఓడలు కట్టు ఆర్సనాలులో పెద్ద భాగమును నీటిపాలయ్యెను. ఆనాడు నేపుల్సు నగరముననున్న మహాకవి పెత్రార్కా అక్కడి భయోత్పాతమును ఒక లేఖలో వర్ణించెను. అమాల్ఫీని వర్ణించుటకు కవి లేడు. ఏ సముద్రపు కెరటములపై నేను ఈ ఊరికి వచ్చితినో ఆ సముద్రమే ఊరిలో సగమును తీసికొనిపోయినది. ఈనాడు పడవలెక్కి తీరము చుట్టివచ్చువారు ఆ నీలిమను చూచి పరవశింతురు. ఆ నీటి అడుగున వీధులున్నవని వారికి ఎవరైన చెప్పిన బాగుండును.

అంద్రెయ అస్థికలు కాన్‌స్టాంటినోపులునుండి 13వ శతాబ్దారంభమున కార్డినలు పియెత్రో కపువానో చేత ఇచటికి చేరినవి. అవి నా వెనుకనున్న భూగర్భ మందిరమున భద్రముగ నున్నవి. క్రీస్తు శిష్యుడైన ఆ బెస్తవానికి బెస్తవారి ఊరే నివాసమయ్యెను. 1544 జూన్ 27న తురుష్క నౌకాధిపతి బార్బరోస్సా నౌకాదళము ఊరిపైకి వచ్చుచుండగా అకస్మాత్తుగ లేచిన గాలివాన దానిని చెదరగొట్టెను. ఏటేట ఆనాడు అంద్రెయ విగ్రహమును ఊరేగించి, సముద్రతీరమునకు గొనిపోయి, తిరిగి తెచ్చి, ఈ 62 మెట్లను ఒక్క పరుగున ఎక్కింతురు. ఆ క్షణమును వర్ణించుట నాకు చేతకాదు. క్రింద వాద్యములు, అంతలో ఒక్క కేక, బరువునకు నరములు తేలిన మెడలతో, చెమటకు తడిసిన వస్త్రములతో, ఒకరి అడుగులో నొకరి అడుగు తప్పక, మోయువారు మీదికి దూసికొని వత్తురు. నడుమ నొకని కాలు జారినచో ఏమగునో చౌకములోని ప్రతి తల్లికిని తెలియును. పైమెట్టు చేరువరకు ఊరంతయు ఊపిరి బిగబట్టియుండును. వారు గడప దాటి లోనికి వచ్చినప్పుడు నా రెక్కలకు తగులు ఆ వేడిగాలి మనుష్యుల ఊపిరి.

ఈ ఊరివారి కాగితము సంగతియు చెప్పవలెను. కొండలోయలోని ‘కన్నెతో’ అను వాగు నీటితో కొయ్య సమ్మెటలు నడపి, గుడ్డపేలికలను దంచి, మెత్తని పిండిచేసి, జల్లెడలమీద కాగితముగ పరచిరి. ఆ విద్య అరబ్బుల వద్ద నేర్చినది. అధికార పత్రములను కాగితముపై వ్రాయరాదని 1231లో ఫ్రెడరికు చక్రవర్తి శాసించినను ఈ పని ఆగలేదు. ఆ వాగు ఇప్పుడు ఊరి నడివీథి క్రిందుగ పారుచున్నది. పైన నడచువారికి దాని సవ్వడి వినరాదు.

1861లో నా చుట్టునున్న దేవాలయ ముఖభాగము కూలినది. నేడు యాత్రికులు మెచ్చు నలుపు తెలుపు చారల ముఖభాగము ఎర్రికో అల్వీనో రూపకల్పన ననుసరించి కట్టబడి, 1891లో ముగిసినది. అనగా నాకంటె ఎనిమిది శతాబ్దములు చిన్నది. ఆ శతాబ్దముననే కొండరాతిని తొలిచి తీరమువెంట బండిదారి వేసిరి. అంతకుముందు ఈ ఊళ్లకు రావలెనన్న ఓడమీదనైన రావలెను, కంచరగాడిద వెంట కొండమెట్లనైన దిగవలెను. దారి పడిన పిదప లోకమంతయు వచ్చినది. నార్వే నాటకకర్త ఇబ్సెను 1879లో ఇచటనే విడిసి ‘ఎ డాల్స్ హౌస్’ నాటకము వ్రాసెను. సంగీతకారుడు వాగ్నరు 1880లో రావెల్లోలోని విల్లా రుఫోలో ఉద్యానమును చూచి, తన ‘పార్సిఫాలు’ సంగీతనాటకములోని మాయోద్యానము దొరకినదని సంతసించెను. అమెరికా రచయిత స్టయిన్‌బెక్కు 1953లో పొసితానోను గూర్చి వ్రాసిన పిమ్మట, పడుచువారు బ్రతుకుతెరువునకై విదేశములకు వలసపోయి సగము ఖాళీయైన ఆ బెస్తపల్లెకు, అదే విదేశములనుండి జనము రాసాగిరి.

వచ్చినవారు పొసితానో చూతురు, రావెల్లో చూతురు, ఇక్కడ దిగి ఒక గంట తిరిగి పోదురు. ఇదే తీరముననున్న చెతారాలో ఆగువారు తక్కువ. అచట బెస్తవారు నెత్తళ్లవంటి చిన్న చేపలను ఉప్పుతో వరుసలు పేర్చి, కొయ్యతొట్టెలలో బరువు పెట్టి, నెలలతరబడి ఊరనిచ్చి, అడుగున చిన్న రంధ్రమునుండి చుక్క చుక్కగ దిగు తేనెవన్నె రసమును పట్టుదురు. మినోరిలో రోమనుల కాలపు విహారభవనము నేలక్రిందినుండి బయల్పడియున్నది. వియెత్రీలో కుమ్మరులు మట్టిపలకలపై పసుపు, నీలి రంగులతో చేపలను, గాడిదలను చిత్రింతురు. ఇవియన్నియు చూడదగినవే. కాని నేను చెప్పదలచినది వీని విషయము గాదు.

ఆ కొండవాలుమీది నిమ్మతోటలను చూడుడు. దూరమునుండి అవి సముద్రమునకు దిగు పచ్చని మెట్లు. దగ్గరకు పోయినచో ప్రతి మెట్టును ఒక రాతిగోడ; సున్నము లేదు, అడుసు లేదు, రాతికి రాతిని ఒదిగించి కట్టినది. సందులుండుటయే దాని బలము. వాననీరు ఆ సందులగుండ జారిపోవును, లేకున్న తడిసి ఉబ్బిన మన్ను గోడను నెట్టివేయును. ఆ గోడల వెనుక బుట్టలతో మోసి తెచ్చి పోసిన మన్నున్నది. ఆ మన్నులో, చెస్ట్‌నట్ కొయ్యల పందిళ్లక్రింద, కదురువలె రెండు కొనలు సన్నగిల్లిన పొడవాటి నిమ్మకాయ కాచును. తొక్క మందము, కోసి, చక్కెర చల్లి, తొక్కతోకూడ తినవచ్చును. ఆ కాయలను తీరమునకు దింపినది స్త్రీలు. నిండుబుట్టను భుజమున నెత్తుకొని, నిలువు మెట్లమీద వరుసగ దిగు వారిని ఇచట ‘ఫోర్మికెల్లె’ యనిరి, అనగా చిన్నచీమలు. ఆ బుట్ట మనిషి బరువుతో సమమైనదని చెప్పుదురు. మధ్యాహ్నపు ఎండలో మలుపుకడ నిలిచి, బుట్టను దింపక గోడకు ఆనించి, కొంగుతో ముఖము తుడుచుకొను ఆ తల్లులను తలచుకొన్నచో నామీది వెండిగీతలు నాకే చిన్నవిగ తోచును.

నన్ను చేసినవాని పేరు లోకమునకు తెలియును. చేయించినవాని పేరు నామీదనే యున్నది. ఆ గోడలను కట్టినవారిలో ఒక్కని పేరైనను ఏ రాతిమీదను లేదు. 1997లో ఈ తీరమునంతటిని యునెస్కో ప్రపంచ వారసత్వముగ గుర్తించినప్పుడు, గుర్తించినది ప్రకృతిని మాత్రమే కాదు, ఆ గోడలను గూడ.

ఇప్పుడు ఆ గోడలు కూలుచున్నవి. తోటపని కష్టము, రాబడి స్వల్పము. పిల్లలు క్రిందికి దిగి హోటళ్లలో పనికి కుదిరిరి. వారిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. కాని ఈ కొండలలో సున్నపురాతిమీద వెసూవియసు అగ్నిపర్వతము చల్లిన బూడిదమన్ను పలుచని పొరగ నున్నది. అది తడిసినచో జారును. 1954 అక్టోబరు చివర ఒక్క రాత్రి కురిసిన వానకు సాలెర్నో, వియెత్రీ, మయోరి ప్రాంతములలో 300 మందికి పైగా చనిపోయిరి. అంతటి వానను ఏ గోడయు ఆపలేదు. అయినను దిక్కులేక విడిచిన తోటలో ఒక రాయి జారిన, రెండవ రాయికి ఆధారము పోవును. అటుపిమ్మట చిన్నవానకే మన్ను కదలును. పైతోట క్రిందితోటపై పడును, క్రిందితోట దారిపై పడును.

చదువరీ, నీవెన్నడైన ఈ తీరమునకు వచ్చినచో ఒక పూట బస్సును విడిచి, అత్రానీమీదుగ రావెల్లోకు పాత మెట్లదారిన నడువుము. ప్రక్కనున్న గోడపై ఎక్కి కూర్చుండకుము. చేయి మాత్రము వేసి చూడుము, రాళ్లు వెచ్చగ నుండును. దారిలో తోటవాడు కనబడినచో నిమ్మకాయలను అంగడిలో గాక ఆతని చేతినుండియే కొనుము, ఆతడడిగిన వెలకే కొనుము. నన్ను చూచుటకు తరువాత రావచ్చును.