గాలి తెలిసిన కాక

మా ఇంటి ముందరి వేపచెట్టు కింద పదకొండు నెలలు ఒక జీపు నిలబడి ఉంది. దాని నీడలో కోళ్లు పండుకునేవి. బానెట్ చదునుగా ఉందని మా ఆవిడ దానిమీద వడియాలు ఎండబెట్టేది. వాడకట్టు పిల్లలు స్టీరింగ్ పట్టుకుని, నోటితో హారన్ కొట్టుకుంటూ రోజుకు రెండుసార్లు చెన్నూరు దాకా పోయి వచ్చేవాళ్లు. పైసలు పెట్టి కొన్న నేను మాత్రం ఇంటి దగ్గరి సీసీసీ మూలమలుపు కూడా దాటలేదు. ఈలోగా, 2025 జనవరిలో, మా నస్పూర్ మున్సిపాలిటీని తీసుకుపోయి మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిపారు. అంటే జీపు అంగుళం కదలకుండానే మున్సిపాలిటీ నుంచి కార్పొరేషన్‌కు చేరింది. అది చేసిన ప్రయాణం అదొక్కటే.

ఎందుకు కొన్నావని అడిగితే చెప్పడం కష్టం. మా బాపు ఆర్కే–6లో బొగ్గు నింపేవాడు. ఆర్కే అంటే రవీంద్రఖని. గని పేరులోనే రవీంద్రుడుంటే నువ్వు తెలుగు పంతులువు కాక ఏమైతవని స్టాఫ్‌రూంలో ఎగతాళి చేసేవారు. చిన్నప్పుడు షిఫ్ట్ సైరన్ కూశాక మేనేజర్ జీపు వచ్చేది. నిక్కర్లు పట్టుకుని పక్కకు ఉరికేవాళ్లం. ఆ దుమ్ము తిన్నందుకు నాకు రెండు జబ్బులు పట్టుకున్నాయి. ఒకటి దగ్గు, రెండోది జీపు. దగ్గు మందులకు తగ్గింది. రిటైరై జీపీఎఫ్ చేతికి రాగానే రెండోది తిరగబెట్టింది.

చెన్నూరు దిక్కు ఒక ఇటుకబట్టీ ఆసామి దగ్గర దొరికింది. మహీంద్రా సీజే–3బి, ఎత్తు బానెట్‌ది. ఆ ఎత్తుకో కథ ఉంది. అమెరికాలో విల్లీస్ వాళ్లు యుద్ధకాలం నాటి ఇంజన్ తీసేసి హరికేన్ అని కొత్తది పెట్టారు. గాలి పీల్చే వాల్వులు పైన హెడ్‌లో, పొగ వదిలే వాల్వులు కింద బ్లాకులో. ఇంజన్ పొడుగైంది, పాత మూత పట్టలేదు. వాళ్లు ఇంజన్‌ను తగ్గించలేదు, మూతనే లేపారు. 1953లో అక్కడ మొదలైన ఆ మోడల్‌ను మనవాళ్లు ఇక్కడ దశాబ్దాలపాటు చేశారు. మా దిక్కు మిగిలిన జీపుల్లో చాలావాటికి ఎప్పుడో పెట్రోల్ గుండె తీసి డీజిల్ గుండె పెట్టేశారు. దీనికి మాత్రం 2.2 లీటర్ల అసలు ఇంజనే ఉంది.

“ఒరిజినల్ సారూ, ఇప్పటిదాక ఎవ్వడు చెయ్యి పెట్టలే” అన్నాడు ఆసామి. ఈ మాట గుర్తుంచుకోండి.

ఇంటికి తెచ్చాక దాని గుణం తెలిసింది. స్టార్టవుతుంది. యాక్సిలరేటర్ నొక్కితే పెద్ద నిట్టూర్పు విడిచి ఆగిపోతుంది. నొక్కకుండా ఊరుకుంటే పక్క నుంచి పెట్రోల్ కారుతుంది. మనిషికైతే ఆస్తమా, అతిసారం కలిసి వచ్చినట్టు.

జబ్బు ఎక్కడుందో అందరూ ఒకేమాట చెప్పారు: కార్పొరేటర్. మా దిక్కు మెకానిక్కులు, డ్రైవర్లు, స్పేర్ పార్టుల దుకాణాలు అందరూ దాన్ని అట్లాగే అంటారు. ముప్పై రెండేళ్లు పిల్లల చేత శ, ష, స వేరువేరుగా పలికించినవాణ్ని, నోరు ఊరుకోలేదు. “కార్బరేటర్ అనాలె నాయినా” అన్నాను. దుకాణంలో పిల్లగాడు లోపలికి కేకేశాడు: “అన్నా, గీ సారుకు కార్పొరేటర్ వద్దంట. ఇంకేందో అంటున్నడు, మన దగ్గర ఉన్నదా?” ఆ రోజుతో నేనూ కార్పొరేటర్‌లోకి మారిపోయాను.

దాన్ని బాగుచేసే మనిషి కోసం తిరగడం ఇంకో పురాణం. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్–6 వచ్చి కొత్త మోటార్‌సైకిళ్లలో కూడా చాలావాటికి కార్బరేటర్ లేకుండా పోయింది. కార్లు అంతకు చాలాముందే వదిలేశాయి. పెద్ద షెడ్డు నుంచి ఒక పిల్లగాడు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, వైరు గుచ్చే సాకెట్ ఎక్కడుందని జీపు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. లేదన్నాను. “మరి దీనికి ఏం రోగమో ఎట్ల తెలుస్తది సార్?” అన్నాడు, నిజంగా జాలిపడి.

చివరికి మంచిర్యాలలో ఒక చాచా దొరికాడు. డెబ్బై దాటిన మనిషి, చెయ్యి వణుకుతుంది, షెడ్డు కొడుక్కి అప్పజెప్పి కుర్చీలో కూర్చున్నాడు. “సోలెక్స్ కార్పొరేటర్ కదా. నేను ఇప్పను, నువ్వే ఇప్పు. ఇప్పినప్పుడల్లా ఫొటో తియ్యి. జెట్లల్ల తీగ పెట్టకు, ఇత్తడి మెత్తగుంటది, బొక్క పెద్దగైతది. చీపురుపుల్ల పెట్టు. తప్పు చేస్తే నా దగ్గరికి రా.” కాసేపాగి అన్నాడు: “చేస్తవు. వస్తవు.”

అరుగు మీద పాత పేపర్ పరిచి పని మొదలుపెట్టాను. పక్కింటి కాక వచ్చి కూర్చున్నాడు. కాక మా బాపు తోటివాడు, గని ఫ్యాన్ ఖలాసీగా ముప్పై నాలుగేళ్లు చేసి దిగిపోయాడు. గని పైన ఫ్యాన్ ఇల్లు ఉంటుంది. తెలియనివాళ్లు ఆ ఫ్యాన్ లోపలికి గాలి ఊదుతుందనుకుంటారు. ఊదదు, లోపలి గాలిని బయటికి గుంజుతుంది. గుంజిన జాగాలోకి ఇంకో దారి నుంచి మంచిగాలి దానంతటది దిగుతుంది. వచ్చే దారి ఇన్‌టేక్, పోయే దారి రిటర్న్. మధ్యలో గాలి అడ్డదారిన పోకుండా తలుపులు, తెరలు.

నా చేతిలోని కార్బరేటర్ బొమ్మ చూసి కాక అన్నాడు: “గిదేంది పంతులూ, గని ప్లాను లెక్కున్నది?”

ఇంజన్ గాలి పీలుస్తుంది కాకా, ఇదిగో ఇది చోక్, తలుపు లాంటిది, ఇక్కడ గొంతు సన్నబడింది, సన్నబడ్డ చోట గాలి ఉరుకుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, పక్క గిన్నెలోని పెట్రోల్ దానంతటదే లేచి తుంపరలుగా గాలిలో కలుస్తుంది, వెంచురి అని ఇటలీ ప్రొఫెసర్ ఒకాయన ఈ సంగతి 1797లోనే రాశాడు అని చెప్పుకుపోతున్నాను. వెనక వరుస పిల్లవాడు కూడా శ్రద్ధగా వింటున్నాడంటే పంతులుకు ఒళ్లు తెలియదు.

“డోర్ సందుల గాలి గట్లనే గుంజుతది” అన్నాడు కాక. “నావి మూడు రుమాళ్లు కొట్కపోయినయి. గీమాత్రం దానికి ప్రొఫెసర్ ఎందుకు?” తర్వాత అసలు ప్రశ్న అడిగాడు. “గాలి ఎంత, పెట్రోల్ ఎంత?”

“తూకంలో పెట్రోల్ ఒక పాలు, గాలి దాదాపు పదిహేను పాళ్లు.”

కాక మొహం మారిపోయింది. “అంటే, సరిగ్గ పేలేటట్టు చూసి కలుపుతున్నవన్నట్టు.”

నేను అప్పటిదాకా అట్లా ఆలోచించలేదు. గనిలో మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య కలిస్తే ఒక్క నిప్పురవ్వ చాలు. అంతదాకా పోనివ్వరు, 1.25 శాతం దాటితేనే కరెంటు తీసెయ్యాలె, మనుషులను బయటికి పంపాలె. కాక ముప్పై నాలుగేళ్లు జీతం తిన్నది ఆ రెండూ ఆ పాళ్లకు రాకుండా చూసినందుకు. ఆయన కళ్లముందు నేను అరుగు మీద కూర్చుని, కావాలని, చీపురుపుల్లతో, అవే పాళ్లు కుదురుస్తున్నాను.

“నీ తెలివి బండలుగాను” అని లేచి పోయాడు.

పొద్దున్నే మళ్లీ వచ్చాడు. చేతిలో ఇసుక బకెట్. ఆనాటి నుంచి మా అరుగు మీద గని చట్టం అమల్లోకి వచ్చింది. నా మిత్రుల బీడీలు గేటు బయటే ఆగిపోయాయి. మా ఆవిడ తులసికోట దగ్గర అగరుబత్తి వెలిగిస్తే, “కోడలా, ఇన్‌టేక్ దిక్కు మంట పెట్టద్దు” అని పక్కకు జరిపించాడు. ఆమె దేవుడికేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసి లోపలికి పోయింది.

కార్బరేటర్ మూత తీశాక ఆసామి మాట యాదికొచ్చింది. స్క్రూల తలలు ఎలుకలు కొరికినట్టున్నాయి. అడుగున ఎర్రటి ఇటుక దుమ్ము, దానిమీద పచ్చటి చిలుము. గాలిదారి మూలలో కుమ్మరిపురుగు మట్టిగూడు. మెయిన్ జెట్ మీద 120 అని ఉంది, అంటే బొక్క 1.20 మిల్లీమీటర్లు ఉండాలి. తీసుకుపోతే చాచా దాన్ని వెలుతురుకు పెట్టి ఒక కన్ను మూసి చూశాడు. “ఎవడో తీగ పెట్టి కెలికిండు. గిది జెట్టు కాదు, నల్లా.” ఎవ్వడు చెయ్యి పెట్టలేదట!

యాక్సిలరేటర్ పంపు విప్పుతుండగా టింగుమని ఏదో దొర్లింది. పంపులో చిన్న ఉక్కు గోళీ ఉంటుంది, అది లేకపోతే బండి నొక్కినప్పుడల్లా నిట్టూరుస్తుంది. గడప దాటి లోపలికి పోయిందన్నాడు కాక. బీరువా జరిపాం, మంచం లేపాం, పాత స్పీకర్ అయస్కాంతానికి దారం కట్టి నేలంతా ఊడ్చాం. దొరికినవి: ఒక చారాణా బిళ్ల, నా పెన్ను మూత, పదేళ్ల కింద పోయిన మా ఆవిడ చెవికమ్మ శీల. గోళీ లేదు. సైకిల్ షాపుకు పోయి పెడల్ ఛర్రాలు ఐదు తెచ్చాను, ఒక్కటీ పట్టలేదు. రాత్రి దిగులుగా ఫొటోలు చూసుకున్నాను. అరవై మూడు తీశాను, సగం వాటిలో నా బొటనవేలే ఉంది. ఒకదాంట్లో వేలు కొంచెం పక్కకుంది. పెద్దది చేసి చూస్తే, గోళీ దాని గుంతలోనే, జిగటలో ఇరుక్కుని హాయిగా కూర్చుని ఉంది. మరి దొర్లింది ఏమిటో ఈనాటికీ తేలలేదు. మా ఆవిడకు ఆ పట్టింపు లేదు. “ఇగ రోజుకొకటి పోగొట్టు, ఇల్లన్న శుభ్రమైతది” అంది, శీల పెట్టుకుంటూ.

ఆ సంతోషం మర్నాటి దాకే. గిన్నెలో తేలే ఇత్తడి ఫ్లోట్ ఉంటుంది, చిన్న మూసిన డబ్బా లాంటిది. పెట్రోల్ నిండితే అది పైకి లేచి సూది వాల్వును మూస్తుంది. మన ఇళ్లమీద నీళ్లట్యాంకులో బంతి చేసే పనే. దాన్ని చెవి దగ్గర ఊపాను. లోపల గలగల. ఫ్లోట్ పెట్రోల్ తాగి మునిగింది, అందుకే బయటికి కారుతున్నది. చిల్లు ఎక్కడో తెలియాలంటే వేడినీళ్లలో ముంచమన్నాడు చాచా. చిన్న గిన్నె కావాలి. చాయ్ గిన్నె కనిపించింది. పొయ్యి మీద మరగబెట్టి, దింపి, కాక పర్యవేక్షణలో వాకిట్లోకి తెచ్చి ఫ్లోట్ వదిలాను. అతుకు పక్కన సన్నటి బుడగలు, ఆవగింజల వరుసలాగా, ఒకదాని వెనక ఒకటి. ఇద్దరం మోకాళ్ల మీద వంగి, పుట్టిన బిడ్డను చూసినట్టు చూస్తున్నాం. వెనక నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

“ఉప్పు సరిపోయిందా మామా?”

కాక రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆ గిన్నె ఇప్పుడు నాది. ఆమెకు కొత్తది కొనిచ్చాను, రెండు.

చిల్లు అతకడానికి అవుసలాయన దగ్గరికి పోయాను, ఎందుకంటే అతుకు బరువు పెరిగితే ఫ్లోట్ లెవెల్ తప్పుతుంది, ఊళ్లో అంత సన్నపు తూకం ఉన్నది ఆయన దగ్గరే. ముందు తూచాడు, అతికాడు, ఆకురాయి పట్టి మళ్లీ తూచాడు. ముక్కుపుడకకు పడేంత శ్రద్ధ పడ్డాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, “తరుగు వేయమంటరా సార్?” అన్నాడు.

గ్యాస్కెట్ సంగతి నేనే తొందరపడ్డాను. వెనకటికి పెండ్లికార్డుతో కోసేవాళ్లమని చాచా ఎప్పుడో అన్న మాట పట్టుకుని, మా మేనకోడలి కార్డు మీద కార్బరేటర్ పెట్టి సుత్తితో అంచులు తట్టి కోశాను. అందంగా వచ్చింది. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ అని తట్టలేదు. పొద్దుటికి కార్డు మెత్తబడి, బంగారు అక్షరాలు ఊడి, ఫ్లోట్ గిన్నెలో ‘శుభము’ తేలుతున్నది. మిగిలిన ‘హూర్తం’ ఎటు పోయిందో తెలియదు. భాగ్యనగర్ రైలెక్కి సికింద్రాబాద్ రాణిగంజ్ పోయి అసలు కిట్ తెచ్చుకున్నాను: గ్యాస్కెట్లు, పంపు డయాఫ్రం, సూది వాల్వు, కొత్త 120 జెట్టు.

స్టార్ట్ చేసిన రోజు వాడకట్టంతా వచ్చింది. మిక్చర్ స్క్రూ పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పాను. ఎయిర్ క్లీనర్ ఇంకా బిగించలేదు. కాక బకెట్‌తో బానెట్ పక్కన నిలబడ్డాడు. తాళం తిప్పాను. ఇంజన్ రెండుసార్లు దగ్గింది, మూడోసారి కార్బరేటర్ గొంతులోంచి ఢామ్మని జానెడు నీలిమంట ఉమ్మింది. ముప్పై నాలుగేళ్లు కాక ఎదురుచూసిన క్షణం. బకెట్ ఇసుక మొత్తం, ఒక్క గింజ వృథా కాకుండా, నేరుగా గొంతులో పోశాడు.

పోయి సంగతి చెబితే చాచా నవ్వి నవ్వి కుర్చీ చేతులు పట్టుకున్నాడు. తర్వాత అడిగాడు: “కింది పళ్లెం మూసున్నదా?” మూసే ఉంది, ఇసుక ఇంజన్లోకి దిగలేదు. రెండోసారి విప్పడానికి నాకు ఫొటోలు అక్కర్లేకపోయింది. గంటంబావులో విప్పి, కడిగి, పంక్చర్ షాపులో గాలి కొట్టించి బిగించేశాను. మొదటిసారి దీనికే మూడు వారాలు పట్టింది. అట్లా కాక బకెట్ నన్ను మెకానిక్‌ను చేసింది. ఆ మాట ఆయనతో అనలేదు, మళ్లీ పోస్తాడని.

ఆ సాయంత్రం అది మోగింది. నొక్కితే నిట్టూర్పు లేదు, కారడం లేదు. మా ఆవిడ వడియాలు తీసేసింది. కాకను పక్కన కూర్చోబెట్టుకుని శ్రీరాంపూర్ మీదుగా ఇందారం దాకా పోయి వచ్చాం. దారిపొడుగునా ఆయన చెవి ఇంజన్ మీదే. “రిటర్న్ మంచిగున్నది” అనేవాడు మధ్యమధ్య, పొగగొట్టం దిక్కు తలతిప్పి.

తిరుగుదారిలో, ఇల్లు ఇంకా అర కిలోమీటరుందనగా, సరిగ్గా సీసీసీ మూలమలుపులో జీపు రెండు గుటకలు మింగి నిలబడిపోయింది. వెనక బస్సు, ఆటోలు, హారన్లు. నిమిషంలో నలభైమంది మూగారు. ఏమైంది, ఏమైందని ఒకటే గోల. నేను బానెట్ లేపుతున్నాను. కాక సీటు మీద లేచి నిలబడి, అందరికీ వినబడేటట్టు తీర్పు చెప్పాడు.

“ఏం లేదు, కార్పొరేటర్‌కు గాలి ఎక్కువైంది.”

గుంపులో కూరగాయల సంచితో ఒక పెద్దమనిషి మెడ ముందుకు చాచాడు.

“ఏ డివిజన్?”