మసికి ఒక బహిరంగ లేఖ

మసీ,

మా ఇంట్లో నిప్పు ఉన్నది ఇరవై నిమిషాలే. నువ్వు ఏడాది ఉన్నావు. అందుకే ఈ ఉత్తరం నిప్పుకు కాదు, నీకు.

మా జ్యోతినగర్ వాళ్లకు బూడిద కొత్త కాదు. ఓ పక్క గోదావరిఖని బొగ్గు గనులు, ఇంకో పక్క 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ బొగ్గు విద్యుత్ కేంద్రం. ఎండాకాలం గాలి తిరిగితే డాబా మీద ఆరేసిన బట్టల నిండా బూడిదే. దులిపితే రాలిపోతుంది. నువ్వూ అంతే అనుకున్నాం. అక్కడే దెబ్బతిన్నాం. బూడిద, బొగ్గు పూర్తిగా కాలాక మిగిలే మట్టి. నువ్వు గాలి చాలక సగమే కాలిన సరుకువి. నీ ఒళ్లంతా జిడ్డు.

ఒక మే మధ్యాహ్నం హాల్లో కూలర్ వైరు అంటుకుంది. ఫైరింజన్ వచ్చేలోపే పక్కింటివాళ్లు మెయిన్ ఆపి, ఇసుక పోసి మంట ఆర్పారు. సోఫా, కర్టెన్లు పోయాయి. మనుషులకు ఏమీ కాలేదు, అదే పదివేలు అనుకున్నాం. తర్వాత లోపలి గదులు తెరిచాం. మంట గడప దాటని పడగ్గదిలో నువ్వు. వంటింటి డబ్బాల వెనక నువ్వు. మూసిన బీరువాలో, అమ్మ చీరల మడతల్లో నువ్వు. వేడి పొగ చల్లని చోటు వెతుక్కుంటూ పోతుందని ఆ రోజు తెలిసింది. గోడ మీది అమ్మ ఫోటో తీస్తే, దాని వెనక మాత్రం తెల్లటి చదరం మిగిలింది. మా ఇంటి అసలు రంగు అంత వరకే ఉంది.

బాపు సింగరేణిలో భూమి కింద పనిచేసి రిటైరయిన మనిషి. గనిలో బొగ్గు తనంత తానే గాలి పీల్చుకుని వేడెక్కుతుందని, మంట కనబడకముందే వాసన చెబుతుందని, అప్పుడు గాలి అందకుండా గోడ కట్టి ఆ చోటు మూసేస్తారని చెప్పేవాడు. "నిప్పు కన్నా పొగకే భయపడాలె బిడ్డా" అనేవాడు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో 9 మంది, 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్‌హౌజ్‌లో 17 మంది అగ్నిప్రమాదాల్లో పోయినప్పుడు, ఆ మాట ఎంత నిజమో రాష్ట్రమంతా చూసింది. ఆ ప్రాణాల ముందు మా సామాను ఒక లెక్క కాదు. కానీ ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు మళ్లీ అదే ఇంట్లో బతకాలి కదా. ఎలాగో మాకు ఎవరూ చెప్పలేదు.

చిన్నప్పుడు అమ్మ ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి నిన్నే పట్టి, కాటుక చేసి మా కళ్లకు దిద్దేది. మా ఇంట్లోకి వచ్చినప్పుడు నువ్వు ఆ కాటుకవి కావు. స్పాంజి, రెగ్జిన్, వైర్ల తొడుగులు కాలి పుట్టావు. ఆ తొడుగుల్లో క్లోరిన్ ఉంటుంది. దాని పొగకు తేమ తగిలితే ఆమ్లమవుతుంది. నిప్పు సెగే తగలని ఇత్తడి కుందులకు ఆకుపచ్చ చిలుము పట్టింది, టీవీ పనిచేయడం మానేసింది.

మేం రెండు తప్పులు చేశాం. మొదటి రోజే తడిగుడ్డతో తుడిచాం. జిడ్డు గోడంతా పూసుకుని లోపలికి ఇంకింది. తర్వాత, రంగులు వేసేవాళ్లు రెండు కోట్లు వేస్తే పోతుందంటే సరేనన్నాం. మసి పూసి మారేడుకాయ చేయడం అంటారు. మేం మసికే రంగు పూసి ఇల్లు చేశాం. జూలై ముసురుకు గోడల మీద పసుపు మరకలు తేలాయి. కమురు వాసన మళ్లీ లేచింది.

దసరా తర్వాత మొదటి నుంచి మొదలుపెట్టాం. ఫ్యాన్లు ఆపి, ముక్కుకు ఎన్-95 మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని, పైరంగు గీకాం. వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని గోడకు రాయకుండా కాస్త ఎడంగా పట్టి పొడిమసి లాగాం. పొడి రబ్బరు స్పాంజిని ఒకే దిక్కుగా లాగుతూ తుడిచాం. ఆ తర్వాతే సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లతో, చారలు కట్టకుండా కింది నుంచి పైకి కడిగాం. బాగా ఆరనిచ్చి, మరకను ఆపే ఆయిల్ ప్రైమర్ కొట్టి, అప్పుడు రంగు వేశాం. పరుపులు, దిండ్లు ముందే పారేశాం. వేడి తగిలిన మందులు, మూత సరిగా లేని డబ్బాల్లోని బియ్యం, పప్పు కూడా. ఎలక్ట్రీషియన్ వైరింగ్ అంతా చూశాకే కరెంటు వాడుకున్నాం. చీరలు గాలికి ఆరేసి, ఉతికాం. వాసన పోయేదాకా ఇస్త్రీ చేయలేదు, వేడికి నువ్వు నూలులోనే ఉండిపోతావు కనుక.

ఇంకో తప్పు మా అందరిదీ కాదు, నాది. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ఇళ్లకు 'భారత్ గృహ రక్ష' పేరుతో ఒకే తీరు పాలసీ ఇస్తున్నాయి. నేను తీసుకోలేదు. పాలసీ ఉన్నవాళ్లు తుడవడానికి ముందే ఫోటోలు తీసుకోవాలి, కంపెనీకి చెప్పాలి, ఫైర్‌స్టేషన్ రిపోర్టు అడగాలి. 101కి ఫోన్ చేయడంతో పని అయిపోదు.

నిన్ను నిందించడానికి ఇదంతా రాయలేదు. రేపు మా వీధిలో ఇంకో ఇంట్లోకి నువ్వు వెళితే, ఆ ఇంటివాళ్లు నీ మీద రంగు పూయకుండా ముందు నిన్ను బయటికి పంపాలని రాస్తున్నాను.

మొన్న మేలో బాపు బీరువా తెరిచి అమ్మ చీర ఒకటి తీశాడు. గనిలో వేడి పసిగట్టిన ముక్కుతో దాన్ని చాలాసేపు వాసన చూశాడు. ఏమీ అనలేదు. మడత చెడకుండా మళ్లీ లోపల పెట్టి, తలుపు వేశాడు.

ఇట్లు,
జ్యోతినగర్ నివాసి