చీటీ చదవగలిగితే ఏం డాక్టరండీ!

డాక్టరుగారి గొప్పతనానికి మన దగ్గర తిరుగులేని కొలత ఒకటుంది. ఆయన రాసింది ఎవరికీ అర్థం కాకూడదు. గుండ్రంగా, అచ్చుగుద్దినట్టు రాసిచ్చాడంటే "కొత్తగా ప్రాక్టీసు పెట్టినట్టున్నాడు" అని పెదవి విరుస్తాం. గీత గీసి, దాని తోక వంకర తిప్పి ఇచ్చాడా, ఇక ఆయన హస్తవాసికి తిరుగులేదు!

ఆ గీతకు భాష్యం చెప్పే భారం మెడికల్ షాపు కుర్రాడిది. మొదటి అక్షరం పోల్చుకుని, మిగతాది ఊహించి, "కడుపులో మంటా, నడుంనొప్పా?" అని రోగినే అడిగి మందు తేలుస్తాడు. ఈ రెండో వైద్యానికి ఫీజు కూడా లేదు.

"అంతమంది రోగులు! అందంగా రాసే తీరికెక్కడిది?" అంటారు. అందం ఎవరడిగారండీ? 10 పక్కన యూనిట్లకు గుర్తుగా పెట్టిన 'యు' సున్నాలా కనబడితే ఇన్సులిన్ 100 యూనిట్లవుతుంది. ముందు సున్నా లేకుండా '.5' అని రాస్తే, చుక్క ఆనకపోతే, అర మిల్లీగ్రాము అయిదవుతుంది. కీళ్లవాతానికి వారానికోసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ను రోజూ మింగితే ప్రాణమే పోవచ్చు. 'ఓడీ' అంటే రోజుకోసారి. కంటి డాక్టరు రాస్తే కుడికన్ను!

నిబంధనలు లేవా అంటే, భేషుగ్గా ఉన్నాయి. నల్లగొండ ఫార్మసిస్టు ఒకరు ఈ రాతల మీద 2014లోనే హైకోర్టుకెక్కారు. జెనరిక్ పేర్లు స్పష్టంగా, వీలైతే క్యాపిటల్ అక్షరాల్లో రాయాలని 2016లో మెడికల్ కౌన్సిల్ చెప్పింది. అందులో డాక్టర్లకు 'వీలైతే' ఒక్కటే స్పష్టంగా కనబడినట్టుంది. 2018లో అలహాబాద్ హైకోర్టు, గాయాల నివేదికలు అర్థంకాకుండా రాసిన ముగ్గురు డాక్టర్లకు తలా 5,000 రూపాయల జరిమానా వేసింది. కోర్టువారికీ చదవడం రాలేదన్నమాట!

ఇక కంప్యూటర్ వస్తే తప్పులే ఉండవని ఇంకో ప్రచారం. రాత బాధ తీరుతుంది, నిజమే. కానీ ఒకేలాంటి పేర్లు వరసగా ఉన్న జాబితాలో వేలు ఒక వరస కిందికి జారితే, తప్పుడు మందు ముత్యాల్లాంటి అక్షరాల్లో అచ్చవుతుంది.

కాబట్టి రోగులారా, గది దాటకముందే నోరు తెరవండి. ఇప్పటికే వాడుతున్న మందులు, పడని మందులు చెప్పండి. ఈ మందు పేరేమిటి, దేనికి, ఎంత, ఎన్నిసార్లు అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. రాసినాయనే చదవలేని చీటీకి మాత్రం మందు కొనకండి.