డాఫింగు గదిలోని నిలువుటద్దము

నేనొక నిలువుటద్దమును. మనిషెత్తు గాజు, దాని చుట్టును టేకు చట్రము, చట్రము పైపట్టీ మీద నన్ను దానమిచ్చిన వర్తకుని పేరు, ఇంతియే నా యాస్తి. గోదావరీ తీరమునందలి యొక పట్టణములో ప్రభుత్వ వైద్యశాలకు చెందిన నర్సుల వసతిగృహమున, మేడమెట్ల మలుపులో చిరకాలము నిలిచి, డ్యూటీకి బోవు సిస్టర్లు జడలు ముడిచి పిన్నులు సరిచేసికొనుటయు, రాత్రి డ్యూటీ ముగించి వచ్చువారు తమ కన్నుల క్రింది నలుపును జూచి నిట్టూర్చుటయు దక్క మఱేమియు నెఱుగక కాలము గడుపుచుంటిని. ఎదుటి రూపము తొలగిన వెంటనే దానిని మఱచునదియని అద్దమునకు లోకమున నొక నింద కలదు. నేను చూచినవారిలో నొక్కరినైన మఱచియుండలేదని మనవి చేసికొనుటకే ఈ కథ చెప్పుచున్నాను.

2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ వ్యాధిని మహమ్మారిగా వర్ణించినదనియు, అదే నెల 22న జనతా కర్ఫ్యూ నాటి సాయంకాలము ఐదు గంటలకు దేశమెల్ల చప్పట్లు చఱచి, పళ్లెములు మ్రోయించి వైద్యసిబ్బందికి కృతజ్ఞత తెలిపినదనియు, 25 నుండి లాక్‌డౌన్ మొదలైనదనియు మెట్లమీది మాటలవలన వింటిని. ఆ చప్పట్ల ధ్వని యడగక మునుపే, "కిట్లు ఎప్పుడొస్తాయంటవే?" అని సిస్టర్లు ఒకరినొకరు రహస్యముగా నడుగుకొనుటయు వింటిని. కొలది దినములకే ఇద్దరు వార్డుబాయిలు వచ్చి నన్ను గోడనుండి ఊడదీసి, ఐసొలేషన్ వార్డు చివరి గదికి మోసికొనిపోయిరి. "ఈ ముసలి అద్దం అక్కడెందుకమ్మా?" అని వారిలో నొకడు గొణుగగా, హెడ్‌నర్సు, "వీపున కళ్ళుండవు కదా నాయనా! సూటు ఎక్కడ చిరిగిందో, ఎక్కడ మరక పడిందో తెలియాలంటే అద్దమే గతి" అని సమాధానము చెప్పెను.

ఆ వార్డునకు రెండు ద్వారములు. లోనికి బోవు ద్వారము చెంత రక్షణవస్త్రములు ధరించు డోనింగు గదియు, వెలికి వచ్చు ద్వారము చెంత వానిని విప్పు డాఫింగు గదియు నుండగా, ఈ రెండవదియే నా నివాసమయ్యెను. ధరించునపుడు వస్త్రము శుచి, మనస్సు జాగరూకము, శరీరము తేట. విప్పునపుడో, ఆరుగంటల సేపు గ్రుక్కెడు నీరైన త్రాగక, చెమటలో నాని, మసకబారిన గాగుల్సులోనుండి లోకమును జూచి జూచి సోలిపోయిన మనిషి, వెలుపలి ముఖమంతయు నశుచియైన వస్త్రమును తన చేతులతో తానే తొలగించుకొనవలసి యుండును. జాగ్రత్త మిక్కిలి వలయు క్షణముననే మనిషి మిక్కిలి అలసియుండును. ఈ వైపరీత్యమునందే వైరసునకు అవకాశము దొరకును. 2014లో అమెరికాలోని డల్లాసు నగరమున ఎబోలా రోగికి సేవచేసిన ఇద్దరు నర్సులు తామే వ్యాధిగ్రస్తులైన పిదప, ధరించునపుడును విప్పునపుడును కనిపెట్టి చూచుటకు శిక్షితుడైన వేఱొకడు దగ్గఱ నుండవలెనని ఆ దేశపు వ్యాధినియంత్రణ సంస్థ నియమము చేసెనని హెడ్‌నర్సు శిక్షణనాడు చెప్పగా వింటిని. మా గదిలో ఆ కాపలా ఆమెది. ఆమెకు నేను సహాయుడను.

ఆమె పలుకు క్రమము నాకు కంఠస్థమైనది. తొలుత పై గ్లోవులు. పిదప సూటు జిప్పు దించి, లోపలి ముఖము వెలికి వచ్చునట్లు అరటితొక్క ఒలిచిన రీతిని తల మొదలు పాదముల వఱకు మెల్లమెల్లగా చుట్టచుట్టుట. ఆ తరువాత గాగుల్సు, వెనుక పట్టీ పట్టుకొని. అన్నింటికంటె తుదిని, గుమ్మము దాటిన పిమ్మట మాస్కు, అదియు ముందు భాగమును తాకక, క్రింది పట్టీని మొదట, పై పట్టీని పిదప తప్పించి. మెట్టు మెట్టునకు నడుమ శానిటైజరుతో ఇరువది, ముప్పది సెకనులు చేతులు రుద్దుకొనవలెను; చివరకు సబ్బునీటితో నలువది మొదలు అఱువది సెకనుల వఱకు కడుగుకొనవలెను. కరోనా వైరసు పైపొర క్రొవ్వుతో నేర్పడినదగుటచే సబ్బు దానిని ఛిన్నాభిన్నము చేయునట. మహాభయంకరమని లోకము వణకిన శత్రువు కొట్టులో దొరకు సబ్బుబిళ్లకు లొంగుననుట ఆశ్చర్యమే! విప్పిన వస్త్రములు రెండు పొరల పసుపుపచ్చ సంచిలోనికి; నేలకును బల్లలకును ఒక శాతము సోడియం హైపోక్లోరైటు ద్రావణము.

గుమ్మము కవతల నున్న వాష్‌బేసిను నా చూపున బడుచుండుటచే, మాస్కు తీసిన ముఖములను గూడ నేను చూచుచుంటిని. ముక్కుదూలము మీదను చెక్కిళ్లమీదను ఎఱ్ఱని గాటు సమముగా పడియున్నచో మాస్కు అంచు చక్కగా నంటియున్నదనియు, గడ్డము పెంచిన యువకుని చెక్కిళ్లు గాటులేక నున్నగా నున్నచో ఊపిరి ప్రక్కదారిని పోయినదనియు గ్రహింప నేర్చితిని. ఎన్-95 మాస్కు 0.3 మైక్రానుల కణములలో కనీసము 95 శాతమును అడ్డగించును. దాని సన్నని పోగులకు పెట్టిన విద్యుదావేశమే అందులకు ప్రధాన కారణము. సబ్బుతో నుతికినచో ఆ యావేశము నశించును గనుక, కొఱత మిక్కుటమైన దినములలో ఒక్కొక్కరికి కొన్ని మాస్కులిచ్చి, వాడినదానిని కాగితపు సంచిలో ఆరనిచ్చి, వంతులవారీగా ధరింపజేసిరి.

ఒక వృద్ధవైద్యుడు హౌస్‌సర్జనులకు చెప్పిన కథ యొకటి నాకు మఱపురాదు. 1910-11 సంవత్సరముల శీతకాలమున మంచూరియాలో ప్లేగు చెలరేగినపుడు, మలయాలో పుట్టిన చైనా వైద్యుడు వూ లియెన్-తే, ఆ వ్యాధి గాలిద్వారా ఊపిరితిత్తులకు వ్యాపించుచున్నదని గుర్తించి, గాజుగుడ్డ నడుమ దూది పెట్టిన మాస్కును వైద్యసిబ్బందికి విధించెను. ఆయన వాదమును లెక్కసేయని మెస్నీ యను ఫ్రెంచి వైద్యుడు మాస్కు లేకయే రోగులను పరీక్షించి, కొలది దినములలోనే ఆ ప్లేగునకే బలియయ్యెను. "ఆయనకు చదువు తక్కువా? కాదు. నాకు తెలియనిదేముందిలే అనుకున్నాడు, అంతే" అని ఆ వృద్ధుడు ముగించెను.

ఈ మాటకు నా యెదుటనే సాక్ష్యములు దొరికినవి. వైరసు నిర్మాణమును, దాని ముళ్ల మాంసకృత్తును, అది మన కణములలో బట్టుకొను గ్రాహకమును అడిగినదే తడవుగా చెప్పగల యొక హౌస్‌సర్జను, సూటు విప్పుచు, నుదుట చెమట కాఱగానే అశుచియైన గ్లోవుతోనే తుడుచుకొనబోవుటయు, "బాబూ, చెయ్యి!" అని హెడ్‌నర్సు కేకవేయుటయు, ఆతడు ఉలికిపడి నాలో తన రూపమును జూచుకొనుటయు జరిగినది. అక్షరము రాని యొక ఆయమ్మయో, గోడమీది బొమ్మలను వ్రేలితో వరుసగా జూపుకొనుచు, ప్రతి మెట్టును పైకి పలుకుచు, పూజావిధి నడపుదానివలె ఒక్క తప్పైన లేక ముగించెడిది. తెలిసినవానికిని చేయువానికిని గల యంతరమును నాకంటె దగ్గఱగా చూచినవారు లేరు. గ్రంథములనుండి బుద్ధికి వచ్చిన జ్ఞానము చేతి కలవాటై దిగువఱకు అది పరులకు చెప్పుటకే గాని తనను గాచుకొనుటకు పనికిరాదు.

అయినను, ఆ యాయమ్మకు ఆ విద్య ఊరక లభింపలేదు. మొదటి దినములలో ఎన్-95 మాస్కులు డాక్టర్లకును, పలుచని సర్జికల్ మాస్కులు నర్సులకును, చేతిరుమాళ్లు పారిశుద్ధ్య కార్మికులకును అను క్రమము తనంతట తానే యేర్పడియుండెను. రోగి దుప్పటి మార్చునది, మలమూత్రపాత్ర లెత్తునది, పసుపుపచ్చ సంచి ముడివేసి మోయునది ఎవరో ఎవరును యోచింపలేదు. "రోగి దగ్గరికి ఎక్కువసార్లు వెళ్లేదెవరు సార్? వాళ్లకే రుమాలా?" అని హెడ్‌నర్సు పట్టుబట్టి అడిగిన పిదపగాని ఆ వరుస మాఱలేదు, కార్మికులకు ప్రత్యేకముగా శిక్షణ తరగతులును అటుపిమ్మటనే మొదలైనవి.

మఱియొక విచిత్రము. రోగి యెదుట అంత నిష్ఠగా నుండినవారు, ఈ గది దాటి టీ త్రాగు చోట కూర్చుండగనే మాస్కులు గడ్డముక్రిందికి దించి, మోకాలికి మోకాలు తగులునట్లు గుమిగూడి, కిటికీ తలుపులైన తెఱువక ముచ్చటించుచున్నారని వచ్చిపోవువారి మాటలవలన దెలిసెను. రోగి పరాయివాడు గనుక భయము. తోటి సిస్టరు మనదే గనుక నమ్మకము! వార్డులో సోకని వ్యాధి అచ్చట సోకినవారు కొందఱు కొన్నాళ్లు నా యెదుటికి రాలేదు. తరువాత ఆ గది కిటికీలు తెఱువబడినవి, కుర్చీలు దూరముగా జరుపబడినవి.

2021 జనవరి 16న దేశమున టీకాలు ప్రారంభమై, మొట్టమొదట వైద్యసిబ్బందికే దక్కినవి. ఆ వేసవిలో రెండవ తరంగము విరుచుకొనిపడినపుడు అవి వారికి కొంత యండగా నిలిచినవి. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసరస్థితిని ఉపసంహరించినది. ఇప్పుడు మా వార్డు సాధారణ వార్డే. అయినను వైరసులు వంశముగలవి, ఇంకొకటి రాకమానదు. అది వచ్చుననియే తలంచి, కొత్తగా చేరిన ప్రతి యుద్యోగికిని ఈ విప్పు క్రమమును ఏటేట అభ్యాసము చేయింపుడని అధికారులకు నా విన్నపము. చదువరులారా, ఒక వైద్యశాల యెంతటి భద్రమైనదో తెలిసికొన గోరుదురేని, అందలి పెద్దడాక్టరు పేరువెనుకనున్న పట్టములను లెక్కింపకుడు. అచ్చట పసుపుపచ్చ సంచి మోయువాని చేతులకు గ్లోవులున్నవో లేవో చూడుడు.