అటువైపు ఖాళీయేనా?

మా సూపరింటెండెంటు గారిని హోదాతో పిలిచింది పైఅధికారులే. మాకందరికీ ఆయన 'అటువైపు బాబాయి'. ఏ కాగితం చేతికిచ్చినా, అందులో ఏముందో చదవకముందే తిప్పి చూసి, "అటువైపు ఖాళీయేనా?" అనేవారు. బదిలీ ఉత్తర్వులైనా అంతే, శుభలేఖైనా అంతే. "ఏ4 రీము 500 కాగితాలు, రెండుంబావు కిలోల పైచిలుకు. ఒకవైపే రాస్తే సగం బరువు ఊరికే మోసినట్టేగా!" అన్నది ఆయన సిద్ధాంతం. ఎవరైనా కాదంటే, గాంధీగారు ఉత్తరాల వెనకవైపు కూడా రాసుకునేవారని గుర్తుచేసేవారు. ఇంక ఎవడు మాట్లాడతాడు?

తపాలా వస్తే మేము కవరు పర్రున చించేవాళ్లం. ఆయన ప్రాణం విలవిల్లాడేది. ఆయన చేతిలో కవరు తెరుచుకునే తీరు వేరు. అతుకు మీద తడిగుడ్డ అద్ది, రెండు నిమిషాలు ఆగి, స్టీలు స్కేలు నెమ్మదిగా దూర్చి, నాలుగు రెక్కలూ విప్పి, లోపలివైపు బయటికి మడిచి, జిగురు రాసి, పేపర్‌వెయిట్ కింద పెట్టేవారు. సాయంత్రానికి కొత్త కవరు తయారు. తిప్పడానికి వీల్లేనివాటికి పాత చిరునామా మీద ఎకానమీ స్లిప్పు పడేది. అలా పంపిన కవరొకటి, పై ఆఫీసువాళ్లు మరో స్లిప్పు అంటిస్తే, తిరిగి మాకే వచ్చింది. ఆయన దాన్ని వేలితో తడిమి, "ఐదో ప్రయాణం!" అన్నారు, కాశీకి పోయొచ్చిన మనిషిని చూసినట్టు.

పంచింగ్ మిషన్‌లోంచి రాలే చుక్కల్ని కూడా వదల్లేదు. హార్లిక్స్ సీసాలో దాచి, ఆఫీసులో జరిగే సన్మానాల్లో అక్షింతలుగా వాడేవారు. నా వంతు వచ్చిన రోజు ఇంటికెళితే, మా ఆవిడ నా తలకేసి చూసి, "ఇంత చుండ్రు ఎప్పుడు పట్టిందండీ?" అంది.

2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలు, గ్లాసులు, పళ్లేలు నిషేధమన్నారు. మేము ఉన్నవన్నీ తీసేశాం. ఆయన సొరుగులో కడిగి ఆరబెట్టిన చెంచాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. "బాబాయ్, నిషేధం!" అన్నాను. "నిషేధం ఒకసారి వాడేవాటికోయ్. ఇవి నేను ఆరేళ్లుగా వాడుతున్నాను" అన్నారు.

తడిచెత్తకి ఆకుపచ్చ డబ్బా, పొడిచెత్తకి నీలం డబ్బా పెట్టినప్పుడు ఆయన వాటికి కాపలా కాశారు. టీ తాగిన పేపరు కప్పు నీలం డబ్బాలో వేయబోతే చెయ్యి పట్టుకుని, "పేరుకే పేపరు. లోపల ప్లాస్టిక్ పూత ఉంది చూడు" అని పాఠం చెప్పి, మర్నాడు ఇంటి నుంచి ఆరు స్టీలు గ్లాసులు తెచ్చారు. ఇంత చేస్తే, సాయంత్రం ఊడ్చే అమ్మాయి రెండు డబ్బాలూ ఒకే గోనెలో గుమ్మరించింది. ఆయన మూడంతస్తుల మెట్లూ దిగి ఆమె వెనకాలే పరుగెత్తారు. "బండిలో ఎలాగూ కలిసిపోయేవేగా బాబుగారూ!" అందామె. ఆ రోజు మాకు తెగ నవ్వొచ్చింది. మర్నాడు ఆయన రెండో గోనె పట్టుకొచ్చి, అట్టపెట్టెలు అమ్మిన డబ్బులు ఆమెవేనన్నారు. ఆనాటి నుంచి చెత్త కలవలేదు. మా నవ్వూ కొంచెం తగ్గింది.

నాకు మాత్రం ఆయన మీద ఒక కోపం మిగిలిపోయింది. సెలవు చీటీ ఇస్తే, వెనకవైపు ఖాళీగా ఉందని నెలవారీ టీ లెక్క రాసి పైకి పంపారు. ఆఫీసరు గారు టీ లెక్కవైపే సంతకం పెట్టారు. టీలు మంజూరయ్యాయి, నా సెలవు కాలేదు.

ఆ తర్వాత ఈ-ఆఫీసు వచ్చింది. ఇంక కాగితమే ఉండదు, బాబాయి పొంగిపోతారనుకున్నాం. ఆయన ప్రతి ఫైలూ ప్రింటు తీయించడం మొదలెట్టారు. ఇదేమిటంటే, "తెర మీద అటువైపు ఎలా తిప్పుతావోయ్?" అన్నారు.

రిటైరయ్యారు. పెన్షన్ కాగితాలు కొర్రీతో వెనక్కొచ్చాయి: 'వెనకవైపు సంబంధం లేని విషయం ఉన్నది. తెల్లకాగితాల మీద తిరిగి పంపవలెను.' ఆ కొర్రీ కాగితం పట్టుకుని భయపడుతూ ఇంటికెళ్లి చేతికిచ్చాను. తిప్పి చూశారు. "అటువైపు ఖాళీయే!" అని జేబులో పెట్టుకున్నారు.

ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను. ఈ వ్యాసం చిత్తుప్రతి మూడు శుభలేఖల వెనకవైపు రాశాను. నాలుగోది రెండువైపులా అచ్చు వేయించి ఉండటం వల్ల ఇక్కడితో ఆపాల్సి వస్తోంది. బంధుమిత్రులకి మనవి: మీ ఇంట్లో పెళ్లికి మా సకుటుంబ ఆశీస్సులు తప్పక ఉంటాయి, శుభలేఖ మాత్రం ఒకవైపే అచ్చు వేయించండి.