ముందు చెక్క

ఎనభయ్యేళ్ళ రైఫిల్‌కి ప్లాస్టిక్ తొడిగినవాణ్ణి నేను. తొడిగి ఊరుకున్నా పోయేది. తీసేసిన చెక్కను దాచలేదు. చెత్త బండి వచ్చే రోజు చూసుకుని మరీ రోడ్డు వార పెట్టాను. తెలియక చేశానని తప్పించుకోవడానికి కూడా వీల్లేదు. ముందు వారమంతా రాత్రిళ్ళు కూర్చుని వీడియోలు చూసి, నాకన్నీ తెలుసనుకున్నాకే స్క్రూడ్రైవర్ పట్టాను.

అది ఇషాపూర్ రైఫిల్. కలకత్తా పక్కన హుగ్లీ ఒడ్డున తెల్లవాళ్ళు పెట్టిన ఫ్యాక్టరీలో 1943లో తయారైంది. మన పోలీసుల చేతుల్లో చిన్నప్పటి నుంచీ చూసిన త్రీ నాట్ త్రీయే. బ్యాంకు ముందు, ఎన్నికల రోజు మా ఊరి బడి గేటు ముందు, కానిస్టేబుల్ భుజానికి వేలాడుతూ ఉండేది. ఇండియాలో మామూలు మనిషికి ఈ బోరుకి లైసెన్సే ఇవ్వరు. డాలస్ గన్ షోలో ఒక బల్ల మీద కనిపిస్తే వంగి చూశాను. బోల్టు పిడి కింద కిరీటం గుర్తు, జి.ఆర్.ఐ. అనే అక్షరాలు, దాని కింద ‘ఇషాపూర్’ అని ఉంది. బేరం కూడా ఆడలేదు. ఏడు సముద్రాలు దాటి వచ్చి మనదేశం సరుకు కొనుక్కుంటున్నానన్న ఉత్సాహంలో ఉన్నాను.

ఇంటికి తెచ్చాక ఆ ఉత్సాహం రెండు వారాలాగలేదు. చెక్క నల్లబడి ఉంది. భుజానికి ఆనే మడమ చెక్క మీద ఎవరో తెల్ల రంగుతో వేసిన ర్యాక్ నంబరు సగం చెరిగి కనిపిస్తోంది. ఒక చోట చెక్కు ఎగిరిపోతే వేరే రంగు చెక్క ముక్క అతికించారు. అన్నిటికంటే నాకు రోత పుట్టించింది ముందు చెక్కకు అడ్డంగా, ఈ పక్క నుంచి ఆ పక్కకు దూర్చిన ఒక స్క్రూ. మన ఊరి వడ్రంగి ఎవరో కుర్చీ కాలు బిగించినట్టు బిగించాడనుకున్నాను. అది ఇషాపూర్ వాళ్ళే చెక్క చీలకుండా పెట్టే గట్టి స్క్రూ అనీ, ఇండియా రైఫిల్‌ని దూరం నుంచే గుర్తుపట్టడానికి పాత తుపాకులు సేకరించే కలెక్టర్లు ముందు వెతికేది దాన్నేననీ తర్వాత తెలిసింది. ఆదివారం షూటింగ్ రేంజికి వచ్చే మన తెలుగు మిత్రులందరి చేతుల్లోనూ నల్లగా నిగనిగలాడే ఏఆర్-15లు. వాళ్ళ మధ్య నా అతుకుల చెక్క పట్టుకుని నిలబడటం నాకు నామోషీ అయింది. ఇదీ అసలు కారణం. ‘బరువు తగ్గుతుంది, వానకు తట్టుకుంటుంది’ అని మా ఆవిడతో అన్న మాటలన్నీ ప్లాస్టిక్ స్టాకు డబ్బా మీద రాసి ఉన్నవి.

ఈ రైఫిల్ చెక్క ఒకే ముక్క కాదు. భుజానికి ఆనే మడమ వేరు, బ్యారెల్ కింద పడుకునే ముందు చెక్క వేరు. మడమ లోపల పొడవాటి బోల్టు ఒకటి ఉంటుంది. దాన్ని అందుకోవాలంటే వెనక ఇత్తడి పలకలో చిన్న తలుపు తీయాలి. అందులోనే సిపాయి నూనె బుడ్డీ, బ్యారెల్ తుడిచే తాడూ పెట్టుకునేవాడు. నా దాంట్లో తాడు లేదు గానీ నూనె బుడ్డి ఉంది. తలుపు తీసి, బుడ్డి బయట పెట్టి, లోపలి దిమ్మ లాగేసి, పొడవాటి స్క్రూడ్రైవర్ దించి తిప్పాను. గట్టిగా ఉంది. తుప్పేమో అనుకుని రెంచి బిగించి ఇంకా తిప్పాను. టప్ మంది.

ఆ బోల్టు కొస నలుచదరంగా ఉంటుంది. అది ముందుకు పొడుచుకొచ్చి, ముందు చెక్క వెనక భాగంలో ఉన్న ఇనుప పలకలో ఇరుక్కుని ఉంటుంది. కాల్పుల అదురుకు బోల్టు దానంతటది వదులు కాకుండా వందేళ్ళ కిందట ఎవరో బుర్ర పెట్టి చేసిన ఏర్పాటు అది. కాబట్టి ముందు చెక్క ఊడదీసి, తర్వాతే మడమ జోలికి పోవాలి. లేకపోతే తిరిగే నలుచదరం కొస చెక్కను లోపలి నుంచి చీలుస్తుంది. ఈ రైఫిల్ పట్టిన ప్రతివాడికీ మొదట చెప్పే మాట ఇదేనట. నేను చూసిన వీడియోల్లోనూ చెప్పే ఉంటారు. స్టాకు తొడిగాక ఎలా ఉందో చూడాలన్న ఆత్రంలో మొదటి నిమిషాలన్నీ దాటించుకుంటూ చూశాను.

చీలిక జానెడు. జిగురు పెడితే అతుక్కునేదే. అలాంటి చీలికలను అతికించడమే పనిగా బతికే ముసలాళ్ళు ఈ దేశంలో కావలసినంత మంది. కానీ అప్పుడు నాకు బాధ కలగలేదు, తేలికపడ్డాను. ఎలాగూ పగిలింది కదా, ఇక వెనక్కి పెట్టే పని లేదు. మర్నాడే చెత్త బండి.

ప్లాస్టిక్ తొడిగాక పంచె మీద స్పోర్ట్స్ బూట్లు వేసుకున్న పెళ్ళిపెద్దలా తయారైంది. బ్యారెల్ మీది చెక్క కప్పులు పోయాయి. ముందు గురిపుల్లకు రెండు వైపులా చెవుల్లాగా కాపు కాసే ఇనుప ముక్కు పోయింది. గురిపుల్ల ఒంటరిగా నిలబడి ఉంది. ఆ ఎండాకాలం మా మావయ్యగారు గుంటూరు నుంచి వచ్చారు. ఆర్మ్‌డ్ రిజర్వులో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన మనిషి. ఆయన మురిసిపోతారని అల్మరా లోంచి తీసి చేతికిచ్చాను. అలవాటు ప్రకారం ముందు బోల్టు వెనక్కి లాగి చాంబర్ ఖాళీగా ఉందో లేదో చూసుకున్నారు. తర్వాత పైనుంచి కింది దాకా చూశారు.

“దీని చెక్కేదండీ అల్లుడుగారూ?”

“మార్చేశానండీ.”

“పాతదెక్కడుంది?”

“పారేశానండీ.”

ఆయన కాసేపేమీ అనలేదు. “చెక్క బీటలిస్తే మాకు మెమో ఇచ్చేవాళ్ళండీ. ఇన్‌స్పెక్షన్‌కి ముందు రోజు అవిసె నూనె రాసి అరచేత్తో రుద్దేవాళ్ళం, వేడెక్కిందాకా. ఇక్కడ మీకెవరూ మెమో ఇవ్వరా?” అన్నారు. మా ఆవిడ వంటింట్లోంచి నవ్వడం నాకు వినబడింది.

నిజానికి ఇలా చెక్క మార్చేవాళ్ళు ఈ దేశంలో ఎప్పుడూ ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక యూరప్ సైన్యాలు వదిలించుకున్న రైఫిళ్ళు ఇక్కడికి ఓడల కొద్దీ వచ్చాయి. పత్రికలో ప్రకటన చూసి డబ్బు పంపితే పోస్టులో తుపాకీ ఇంటికి వచ్చేది. 1963లో కెనెడీని చంపిన ఇటలీ రైఫిల్ కూడా షికాగో దుకాణం నుంచి అలా వచ్చిందే, 22 డాలర్ల లోపు ధరకి. 1968 చట్టంతో ఆ పోస్టు బేరాలు ఆగాయి. ఆ రోజుల్లో కొత్త వేట తుపాకీ కొనలేని రైతు చవగ్గా ఇలాంటిదే ఒక ఎన్‌ఫీల్డ్ కొని, ముందు చెక్క సగానికి కోసి, తేలిక చేసుకుని జింకల వేటకు పోయేవాడు. మిస్సోరీలో వార్సా అనే చిన్న ఊళ్ళో ఫాజెన్, బిషప్ అని రెండు కంపెనీలు ఇలాంటివాళ్ళ కోసం వాల్‌నట్‌తో అందమైన స్టాకులు చేసేవి. వాటిని చూస్తే నాకిప్పటికీ ముచ్చటే. ఆ రైతుకి మాంసం కావాలి. మన పోలీసు శాఖల కోసమూ ఈ రైఫిళ్ళనే బ్యారెల్ లోపలి గాడులు తీసేసి, .410 బోరుకి మార్చి, మ్యాగజైన్లో చెక్క దిమ్మ పెట్టి, ఒక్కొక్క గుండే కాల్చేలా చేశారు. లాక్కున్నవాడికి అంతగా పనికిరాకూడదని. అదీ మార్పే. కానీ ఆ మార్పుకు ఒక కాలమూ ఒక భయమూ ఉన్నాయి, అందుకే కలెక్టర్లు దాన్ని అలాగే దాచుకుంటారు. నా మార్పుకి ఉన్నది ఆదివారం రేంజిలో నలుగురి చూపు.

ఇనుము ఒక్కలాంటిదే వేల కొద్దీ తయారై వచ్చింది. ఈ రైఫిల్ ఏ ఠాణాలో ఏ నంబరు ర్యాకులో నిలబడిందో, ఎక్కడ దెబ్బ తిని ఎవరి చేత అతుకు పెట్టించుకుందో చెప్పింది చెక్కే. ముందు చెక్క అడుగున, ముక్కు దగ్గర, రిసీవర్ మీది నంబరే మళ్ళీ కొట్టి ఉండేది. కలెక్టర్లు చూసేది ఆ పొంతనే. 50 ఏళ్ళు దాటిన తుపాకీ అసలు రూపంలో ఉంటే ఇక్కడ దానికి ‘క్యూరియో అండ్ రెలిక్’ అని వేరే వర్గం, దాన్ని కొనేవాళ్ళకి మూడేళ్ళకు 30 డాలర్ల లైసెన్సు. ఆ లైసెన్సు నా దగ్గర ఉంది కూడా. ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నాను.

ఇంతటితో ఆగినా బాగుండేది. పాత విడిభాగాలమ్మేవాడి దగ్గర ఇషాపూర్ చెక్క సెట్టు ఒకటి దొరికింది, ఇత్తడి పలకతో మడమా, అడ్డ స్క్రూతో ముందు చెక్కా. ముందు చెక్క మీద వేరే రైఫిల్ నంబరుంది. తుపాకీ మీది నంబరు చెరిపితే ఇక్కడ జైలు. చెక్క మీది నంబరుకి ఆ చట్టం లేదు. నేను ఇసుక కాగితంతో ఆ నంబరు గీకేసి, ఇనుప అచ్చులు కొని, నా రైఫిల్ నంబరు కొట్టాను. టీ డికాక్షన్‌తో మసి కూడా పూశాను. ఒక రైఫిల్ గుర్తులు చెత్తలో వేసింది చాలక, నేనెన్నడూ చూడని రెండో రైఫిల్ గుర్తులు కూడా నా గ్యారేజీలో పొడి చేశాను. ఆ పని చేస్తున్నంతసేపూ దాన్ని పునరుద్ధరణ అనుకున్నాను, దేవుడి సాక్షిగా.

తుపాకీ మాత్రం నమ్మలేదు. కాల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బను ముందు చెక్క సరిగ్గా ఆనుకుని ఓర్చుకోవాలి. ఆ ఆనిక ఏ రైఫిల్‌కి ఆ రైఫిల్‌కి పని తెలిసినవాడు చేత్తో కుదర్చాలి. నా దాని గుళ్ళు అట్ట మీద ఊరంతా తిరిగాయి. మరో గన్ షోలో ఒక ముసలాయన బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, ఆనిక కుదర్చగలరా అని అడిగాను. ఆయన తిరగేసి, వేలి గోటితో నంబరు మీద ఒకసారి గీసి చూశారు. ఆనిక సంగతి వదిలేసి, ఇది ఎప్పుడు కొట్టారన్నారు. ఎవరు కొట్టారని అడగలేదు. అంకెల అచ్చు తేడా అట, అంచులు ఇంకా పదునుగా ఉన్నాయట, 1943 నాటి అంచుల్ని నూనె, చెమట కలిసి ఎప్పుడో మెత్తబరిచి ఉండేవట. నేను చెప్పేశాను, టీ డికాక్షన్‌తో సహా.

ఆయన కోప్పడలేదు. ప్లాస్టిక్‌దీ తప్పు కాదన్నారు. పాతది అటక మీద పెట్టి ఉంటే ఒక సాయంత్రంలో అంతా వెనక్కి వచ్చేదన్నారు. ఇప్పుడు మాత్రం ఆ నంబరు మళ్ళీ గీకొద్దనీ, నా తర్వాత కొనేవాడు మోసపోకుండా కాగితం మీద రాసి మడమలో పెట్టమనీ చెప్పారు.

మొదట రాసింది ఒక పేజీ వచ్చింది. చెక్క అప్పటికే పాడైందనీ, ఉద్దేశం మంచిదేననీ. చదువుకుంటే నాకే నవ్వొచ్చి చింపేశాను. రెండోది ఇంగ్లీషులో మూడే వాక్యాలు: ముందు చెక్క ఈ రైఫిల్‌ది కాదు, నంబరు నేను కొట్టింది, అసలుది నేనే పగలగొట్టి పారేశాను. కింద సంతకం, తేదీ. ఇత్తడి తలుపు లోపల నూనె బుడ్డితో పాటు అది పట్టలేదు. బుడ్డికే చుట్టి, రబ్బరు బ్యాండు వేసి లోపలికి తోశాను.